శంకుస్థాపనకు ముందే అడగాల్సినవి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. యూనివర్సిటీల్లో కొత్తగా లేస్తున్న ల్యాబులు, క్లాసురూములు, రీసెర్చ్ పార్కుల వల్ల చదువు బాగుపడుతుందా, పరిశోధన పెరుగుతుందా, చుట్టుపక్కల జనానికి ఏమన్నా ఒరుగుతుందా అని అడిగారు. ఒకే ప్రశ్న చాలామంది వేసినచోట ఒక ఉత్తరమే తీసుకున్నాను.

ప్రశ్న: కొత్త క్యాంపస్ వస్తే ప్రాంతం రూపురేఖలే మారిపోతాయని ప్రతి చోటా అంటారు. దీనికి లెక్కలేమైనా ఉన్నాయా, లేక సభల్లో చెప్పుకునే మాటేనా? — ఒక రిటైర్డ్ ఉద్యోగి

లెక్కలున్నాయండీ. ఆనా వాలెరో, జాన్ వాన్ రీనన్ అనే ఆర్థికవేత్తలు 78 దేశాల్లోని దాదాపు 15 వేల యూనివర్సిటీల వివరాలు తీసుకుని, 1950 నుంచి 2010 దాకా ఆయా ప్రాంతాలు ఎలా నడిచాయో చూశారు. ఒక ప్రాంతంలో యూనివర్సిటీల సంఖ్య రెట్టింపైతే, ఆ తర్వాతి కాలంలో అక్కడి తలసరి ఉత్పత్తి 4 శాతం పైచిలుకు ఎక్కువగా కనిపించింది. నాలుగు శాతమేనా అనిపిస్తుంది గానీ అది ఒక ప్రాంతంలో ఉన్న మనుషులందరి తలకీ పంచిన లెక్క, కాబట్టి చిన్నదేం కాదు. అయితే రెండు జాగ్రత్తలు. ఒకటి, బాగుపడుతున్న ప్రాంతాలకే యూనివర్సిటీలు వచ్చి ఉండొచ్చన్న అనుమానాన్ని ఇలాంటి లెక్కల్లో పూర్తిగా తీసేయడం కష్టం. రెండోది ఇంకా ముఖ్యం: వాళ్ళు లెక్కపెట్టింది యూనివర్సిటీలను, భవనాలను కాదు. చదువు చెప్పేవాళ్ళు, చదివేవాళ్ళు, పరిశోధన, అన్నీ కలిస్తేనే యూనివర్సిటీ. గోడలొక్కటే లేస్తే ఆ 4 శాతం వస్తుందని ఆ లెక్క ఎక్కడా చెప్పలేదు.

డబ్బు ప్రాంతంలోకి ఎలా దిగుతుందో విడదీసి చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. భవనం కడుతున్నంత కాలం మేస్త్రీలకి, కూలీలకి, సిమెంటు, ఇనుము అమ్మేవాళ్ళకి పని దొరుకుతుంది. సెంట్రింగు విప్పేశాక ఆ పని అయిపోతుంది. ప్రాజెక్టు ప్రకటించినప్పుడు 'ఇన్ని వేల ఉద్యోగాలు' అని చెప్పే అంకెలో చాలాసార్లు పెద్ద వాటా ఇదే, అందుకే ఆ అంకె వినగానే 'కట్టడం అయిపోయాక ఎన్ని మిగులుతాయి' అని అడగండి. తర్వాతది జీతాలు, విద్యార్థుల ఖర్చులు. ఇవి ఏటేటా వస్తూనే ఉంటాయి, కాకపోతే ఒక స్థాయి దాటి పెరగవు. అసలు పెరుగుదల ఉండేది మూడోదానిలో. అక్కడ చదివినవాళ్ళు అక్కడే ఉండిపోయి పనిచేయడం, ఆ ల్యాబుల్లో పుట్టిన ఆలోచన అక్కడే ఒక కంపెనీ కావడం. ఇది రావడానికి ఏళ్ళు పడుతుంది, పైగా దానంతట అది రాదు.

దానికోసం ఎలా ఏర్పాటు చేసుకోవాలో చూపించిన ఊరు నార్వే ఉత్తర కొసన ఉన్న ట్రామ్సో. ఆర్కిటిక్ వలయానికి ఇంకా పైన ఉన్న ప్రాంతం అది. అక్కడికి డాక్టర్లు వచ్చేవాళ్ళు కాదు, వచ్చినా నిలిచేవాళ్ళు కాదు. 1968లో అక్కడే యూనివర్సిటీ పెట్టాలని నిర్ణయించి 1972లో ప్రారంభించారు. వైద్యవిద్యలో ఉత్తరాది విద్యార్థులకు ప్రత్యేకంగా సీట్లు కేటాయించారు, శిక్షణలో కొంతకాలం ఆ ప్రాంతపు చిన్న ఆసుపత్రుల్లో, స్థానిక డాక్టర్ల దగ్గరే పనిచేయించారు. అలా చదివిన ఉత్తరాది పిల్లల్లో ఎక్కువమంది ఉత్తరంలోనే డాక్టర్లుగా స్థిరపడ్డారు. భవనం అక్కడ కట్టడం వల్ల సగం పని జరిగింది, మిగతా సగం ఎవరిని చేర్చుకోవాలి, ఎక్కడ పనిచేయించాలి అన్న నిర్ణయాల వల్ల జరిగింది. మీ ప్రాంతంలో కొత్త క్యాంపస్ మాట వచ్చినప్పుడు నేనైతే ముందుగా అడిగేది ఇదే: చదువు పూర్తయినవాళ్ళు ఇక్కడ ఉండిపోవడానికి మీరు ఏం ఏర్పాటు చేశారు?

ప్రశ్న: లెక్చరర్ల పోస్టులు ఖాళీగా ఉంటే నింపరు గానీ కొత్త బ్లాకులు మాత్రం కడుతూనే ఉంటారు. ఆ డబ్బుతో మనుషుల్ని పెట్టుకోవచ్చు కదా? — ఒక విద్యార్థి తల్లి

మీ కోపంలో న్యాయం ఉందమ్మా. ఇలా ఎందుకు జరుగుతుందో మాత్రం తెలుసుకోవాలి. భవనానికి వచ్చే డబ్బు, జీతాలకి వచ్చే డబ్బు వేర్వేరు ఖాతాలు. భవనానిది ఒక్కసారి ఇచ్చే గ్రాంటు. ఇచ్చినవాళ్ళకి అది ఒక ఏడాదిలోనో, మూడేళ్ళలోనో ముగిసే ఖర్చు, పేరు కూడా కనిపిస్తుంది. ఒక లెక్చరర్‌ని పర్మినెంటుగా పెట్టుకోవడమంటే ముప్ఫై ఏళ్ళ బాధ్యత. అందుకని దాతలైనా ప్రభుత్వాలైనా మొదటిదానికి త్వరగా ఒప్పుకుంటారు, రెండోదానికి వెనకాడతారు. భవనం గ్రాంటును జీతాలకు మళ్ళించడానికి చాలాచోట్ల నియమాలు కూడా ఒప్పుకోవు.

ఇంకో ఖర్చుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. అది మెయింటెనెన్స్. అమెరికాలోని నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1990లోనే ఒక కొలత చెప్పింది: ఒక ప్రభుత్వ భవనాన్ని ఇవాళ మళ్ళీ కట్టాలంటే ఎంతవుతుందో అందులో 2 నుంచి 4 శాతం ఏటా మరమ్మతులకు, నిర్వహణకు పెట్టాలని. వంద రూపాయల భవనమైతే ఏడాదికి 2 నుంచి 4 రూపాయలు. ముప్ఫై ఏళ్ళకి లెక్కేయండి, 60 నుంచి 120 రూపాయలు, అంటే ఇంకో భవనం కట్టినంత. కరెంటు బిల్లు, సెక్యూరిటీ, ఊడ్చేవాళ్ళ జీతాలు ఇందులో లేవు. ఈ డబ్బు ముందే ఎక్కడినుంచి వస్తుందో తేల్చకుండా భవనం కడితే, ఆ బిల్లు చివరికి వచ్చి పడేది మీరన్న ఆ లెక్చరర్ల పోస్టుల మీదే. 'ఈ ఏడాది పోస్టులు ఆపుదాం, ముందు కప్పు కారకుండా చూద్దాం' అంటారు. తర్వాత కప్పు మరమ్మతు కూడా వాయిదా పడుతుంది. నీళ్ళు ఫాల్స్ సీలింగులోకి దిగుతాయి, అక్కడినుంచి కరెంటు డక్టులోకి, ఆపైన ఒక ల్యాబుకి తాళం పడుతుంది. ముందే చేసి ఉంటే చిన్న వాటర్‌ప్రూఫింగు పనితో పోయేది.

అమెరికాలోనే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా మెర్సెడ్ అని ఒక క్యాంపస్ ఉంది, వ్యవసాయం మీద బతికే లోయప్రాంతంలో 2005లో మొదలైంది. 2020కల్లా దాన్ని పెద్ద ఎత్తున విస్తరించారు. ఆ విస్తరణలో భవనాలు కట్టిన ప్రైవేటు బృందంతోనే వాటి ప్రధాన వ్యవస్థల నిర్వహణ కూడా దశాబ్దాల పాటు చూసుకునేలా ఒప్పందం రాసుకున్నారు. పైపు పాడైతే తన ఖర్చే అవుతుందని తెలిసినవాడు మొదటినుంచే మంచి పైపు వేస్తాడని ఆ ఆలోచన. ఇలాంటి ఒప్పందాల్లో ఏటా కట్టాల్సిన మొత్తం మాత్రం యూనివర్సిటీ మెడకి చుట్టుకుంటుంది, విద్యార్థులు తగ్గినా అది తగ్గదు. అందుకని ఇది అందరికీ సరిపడే దారి అని నేను చెప్పను. కానీ 'కట్టాక ఎవరు చూసుకుంటారు' అన్న ప్రశ్నకు సంతకాలప్పుడే జవాబు రాసుకోవడం మాత్రం ప్రతి యూనివర్సిటీ చేయగల పని, చేసి తీరాల్సిన పని.

మనుషులు ముందా, భవనం ముందా అంటే, ఇంగ్లండులోని మాంచెస్టర్ యూనివర్సిటీ ఉదాహరణ చెబుతాను. అక్కడ ఆంద్రే గైమ్, కాన్‌స్టంటిన్ నొవొసెలొవ్ 2004లో గ్రాఫైట్ మీద మామూలు అంటింపు టేపు వేసి లాగి, ఒక్క పరమాణువు మందం ఉన్న పొరను, అంటే గ్రాఫీన్‌ను విడదీశారు. 2010లో నోబెల్ వచ్చింది. నేషనల్ గ్రాఫీన్ ఇన్‌స్టిట్యూట్ అనే భవనం తెరిచింది 2015లో, దానికి 6.1 కోట్ల పౌండ్లు ఖర్చయింది. మనుషులు ముందున్నారు, పని ముందు నిరూపణ అయింది, ఆ పనిని ఇంకో మెట్టు ఎక్కించడానికి టేపు సరిపోదు కాబట్టి దుమ్ము చొరబడని గదులు, అంటే క్లీన్‌రూములు, కావాల్సొచ్చాయి. ఏ భవనమైనా ఈ వరసలో వస్తే నాకు దాని మీద నమ్మకం కుదురుతుంది.

ప్రశ్న: కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఏడాదిలో మా ల్యాబును కొత్త భవనంలోకి మారుస్తారట. విద్యార్థులను ఒక మీటింగుకి పిలిచారు, 'మీకేం కావాలో చెప్పండి' అన్నారు. ఏం అడగాలో తెలియక టెన్షన్‌గా ఉంది. — ఒక పరిశోధక విద్యార్థిని

మిమ్మల్ని పిలిచారంటేనే సంతోషం, చాలాచోట్ల పిలవరు. రోజుకి పది గంటలు ఆ గదిలో నిలబడేది మీరు కాబట్టి మీకు కనిపించేవి ఆర్కిటెక్టుకి కనిపించవు. మొహమాటపడకుండా అడగండి.

ముందు గాలి సంగతి. మీ ఫ్యూమ్ హుడ్, అంటే రసాయనాల ఆవిర్లను బయటికి లాగేసే అద్దం తలుపు పెట్టె, దాని దగ్గర నిలబడినప్పుడు ముందున్న అద్దాన్ని పైకి జరిపితే కింది ఖాళీలోంచి గాలి లోపలికి వెళుతుంది, సెకనుకి సుమారు అర మీటరు వేగంతో. ఆ వేగం ఉన్నంతసేపు లోపలి ఆవిర్లు మీ ముక్కు దాకా రావు. చాలా ల్యాబుల్లో అద్దం అంచుకి సన్నటి టిష్యూ కాగితం ముక్క అంటిస్తారు, అది లోపలికి వంగి ఊగుతుంటే గాలి లాగుతున్నట్టు, నిటారుగా వేలాడితే ఎక్కడో తేడా ఉన్నట్టు. అయితే అలా లాగిన గాలిని తిప్పి గదిలోకి పంపరు, పైకప్పు మీది ఫ్యాన్లతో బయటికి తోసేస్తారు. దాని స్థానంలో బయటి గాలిని మళ్ళీ శుభ్రం చేసి, చల్లార్చో వెచ్చబెట్టో లోపలికి తేవాలి. ల్యాబు భవనం మామూలు ఆఫీసు భవనం కన్నా ఎన్నో రెట్లు కరెంటు తాగేది ఇక్కడే. అందుకని మీ మీటింగులో మూడు సంగతులు తేల్చుకోండి: ఎన్ని హుడ్లు, అన్నీ ఒకేసారి తెరిస్తే ఫ్యాన్లు తట్టుకుంటాయా, అద్దం దించినప్పుడు గాలి లాగడం దానంతట అదే తగ్గే ఏర్పాటు ఉందా. ఆ ఏర్పాటు ఉంటే పని లేనప్పుడు అద్దం దించి పెట్టే అలవాటుతోనే బోలెడంత కరెంటు మిగులుతుంది. హార్వర్డ్‌లో దీనికోసమే ల్యాబులవారీగా ప్రచారం నడిపారు.

తర్వాత మీ ల్యాబు ఏ అంతస్తులో వస్తుందో అడగండి. మండే ద్రావకాలను పై అంతస్తులకి వెళ్ళేకొద్దీ తక్కువ పరిమాణంలోనే ఉంచనిచ్చే అగ్నిమాపక నియమాలు చాలా దేశాల్లో ఉన్నాయి. మీకు లీటర్ల కొద్దీ ద్రావకాలు కావాల్సి ఉండి, మిమ్మల్ని ఐదో అంతస్తులో పెడితే రోజూ కిందికీ పైకీ మోసుకోవడమే సరిపోతుంది. మైక్రోస్కోపులకీ కింది అంతస్తే కావాలి, కారణం మాత్రం వేరు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లాంటి వాటికి లిఫ్టు కదిలినా, పక్కన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నా బొమ్మ చెదురుతుంది, అందుకని వాటిని నేలని అంటిపెట్టుకున్న స్లాబు మీద, లిఫ్టుకి దూరంగా పెట్టాలి. నేను పైన చెప్పిన గ్రాఫీన్ భవనంలో ప్రధానమైన క్లీన్‌రూమును నేలమట్టానికి కింద పెట్టింది ఈ అదురు తగలకూడదనే.

మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లు ఉన్నాయా? ఉంటే కరెంటు పోయినప్పుడు ఏ ప్లగ్గులకి జనరేటర్ సప్లై వస్తుందో డ్రాయింగు మీద వేలు పెట్టి చూపించమనండి. 'బ్యాకప్ ఉంటుందమ్మా' అనే నోటిమాట చాలదు, ఎందుకంటే బ్యాకప్ ఉండేది కొన్ని సర్క్యూట్లకే, మీ ఫ్రీజరు వాటిలో లేకపోతే ఏళ్ళ తరబడి దాచుకున్న శాంపిళ్ళు ఒక్క రాత్రిలో పోతాయి. ఆ ఫ్రీజర్లు వదిలే వేడి కూడా తక్కువ కాదు, నాలుగైదు కలిపి ఒక మూల పెడితే ఆ గదికి విడిగా ఏసీ కావాలి.

ఇంకా ఉన్నాయి. లారీలోంచి దింపిన పెద్ద పరికరం మీ గది దాకా ఏ దారిన వస్తుంది, ప్రతి తలుపూ, లిఫ్టూ దానికి సరిపోతాయా అని ఒకసారి కొలిపించండి. ఖరీదైన పరికరం పైన నీళ్ళ పైపు పోకుండా చూడండి. రాసుకునే బల్లలు ల్యాబు లోపలే పెడితే తినడం, తాగడం, రసాయనాలు అన్నీ ఒకే చోట కలుస్తాయి; మధ్యలో అద్దం గోడ పెట్టి పక్కనే వేరే గది ఇమ్మనండి, రియాక్షను కళ్ళముందే ఉంటుంది, మీరు సురక్షితంగా ఉంటారు.

చివరిగా మీ థీసిస్ గురించి. మారిన రోజునుంచే పని మొదలవుతుందని ఎవరు చెప్పినా నమ్మకండి. హుడ్లను పరీక్షించి సర్టిఫై చేయాలి, గ్యాసు లైన్లు లీకు చూడాలి, పరికరాలను మళ్ళీ కాలిబ్రేట్ చేయాలి. ఈ పరీక్షలన్నీ అయ్యాకే ల్యాబును మారుస్తామని రాసివ్వమనండి, మారే నెలల్లో రాతపని, డేటా విశ్లేషణ పెట్టుకోండి. గైడుతో ఇప్పుడే మాట్లాడితే గడువు పొడిగింపు అడగడం తేలిక, మారిపోయాక అడిగితే సాకు చెబుతున్నట్టు ఉంటుంది.

ప్రశ్న: అన్ని క్లాసులూ ఆన్‌లైన్‌లో వస్తున్నాయి. ఇంకా కొత్త క్లాసురూములు కట్టడం దండగ కాదా? — ఒక డిగ్రీ విద్యార్థి

మూడు వందల మంది కూర్చుని వినే పెద్ద హాలు ఇంకొకటి కట్టే ముందు ఎవరైనా ఆలోచించాల్సిందే, ఆ పాఠం ఇంట్లో కూర్చుని వినొచ్చు. టైట్రేషను, సర్క్యూట్ సోల్డరింగు, రోగిని పరీక్షించడం మాత్రం తెరమీద నేర్చుకోలేరు. ఇంట్లో చదువుకోవడానికి విడిగా గది లేని పిల్లలకి, నెట్ సరిగ్గా అందని పిల్లలకి క్యాంపస్‌లో రాత్రి పదింటిదాకా తెరిచి ఉండే రీడింగ్ రూము చాలా పెద్ద ఆధారం. మీ కాలేజీవాళ్ళు ఏం కట్టాలని అడిగితే ఆ రీడింగ్ రూము అడగండి, కుర్చీలు జరుపుకోగలిగిన చిన్న గదులు అడగండి.

ప్రశ్న: మా డిపార్టుమెంటుకి కొత్త భవనం మంజూరైంది, బిల్డింగ్ కమిటీలో నేనూ ఉన్నాను. పేరున్న ఆర్కిటెక్టుతో చూడముచ్చటగా కట్టిద్దామని కొందరు, సాదాగా పెద్దగా కడదామని కొందరు. మీరేమంటారు? — ఒక అసోసియేట్ ప్రొఫెసర్

దీని గురించి మాట్లాడాలంటే అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, అదే ఎంఐటీ, అక్కడి బిల్డింగ్ 20 దగ్గర మొదలుపెట్టాలి సార్. 1943లో, యుద్ధం నడుస్తుండగా, రాడార్ పరిశోధన కోసం హడావుడిగా చెక్కతో కట్టారు. యుద్ధం అయిపోగానే కూల్చేద్దామనుకున్నారు. జాగా కొరత వల్ల కూల్చలేదు, 1998 దాకా నిలబడింది. వేసవిలో ఉడికిపోయేది, అందమన్నది మచ్చుకైనా లేదు. అయినా అందులోంచి వచ్చిన పని చూస్తే ఆశ్చర్యమేస్తుంది. నోమ్ చామ్‌స్కీ భాషాశాస్త్రం అక్కడే ఎదిగింది, అమర్ బోస్ ధ్వని మీద పనిచేసింది అక్కడే. జెరోల్డ్ జకరయాస్ అణు గడియారం తయారుచేస్తూ, పరికరం ఎత్తుకి గది చాలకపోతే పైనున్న రెండు అంతస్తుల నేల తీయించేశాడు. పాలరాతి భవనంలో అలా చేయనిస్తారా? ఎలాగూ కూల్చేదే కదా అని ఎవరూ అడ్డుచెప్పలేదు. వేర్వేరు శాఖలవాళ్ళు పొడవాటి వరండాల్లో ఒకళ్ళకొకళ్ళు తగులుతూ ఉండేవాళ్ళు.

ఆ స్థలంలోనే ఫ్రాంక్ గెరీ డిజైన్ చేసిన స్టాటా సెంటర్ 2004లో తెరిచారు, వాలిపోతున్నట్టుండే గోడలతో ప్రపంచమంతా చూసిన భవనం. 2007లో ఎంఐటీ నీటి లీకులు, పగుళ్ళ గురించి ఆర్కిటెక్టు సంస్థ మీదా, కట్టిన కంపెనీ మీదా దావా వేసింది, 2010లో రాజీ కుదిరింది. దీన్నిబట్టి అందమే తప్పనుకోవడం న్యాయం కాదు. కాలిఫోర్నియాలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సాల్క్ ఇన్‌స్టిట్యూట్ చూడండి, ఆర్కిటెక్టు లూయీ కాన్ డిజైన్, 1965లో పూర్తయింది, ప్రపంచంలోని అందమైన భవనాల్లో అదొకటని ఎవరైనా ఒప్పుకుంటారు. కానీ కాన్ దాన్ని ల్యాబులో పనిచేసేవాళ్ళ వైపునుంచి ఆలోచించాడు. ల్యాబుల మధ్యలో ఒక్క స్తంభం లేదు. ప్రతి ల్యాబు అంతస్తు పైనా మనిషి నిలబడి తిరగగలిగేంత ఎత్తున్న ఇంకో అంతస్తు, పూర్తిగా పైపులకి, డక్టులకి, వైర్లకి. ప్రయోగం మారితే ప్లంబరు పై అంతస్తులోకి వెళ్ళి పైపు మార్చేస్తాడు, కింద పని ఆగదు. అరవై ఏళ్ళలో జీవశాస్త్రం ఎంత మారిపోయిందో మీకు నేను చెప్పక్కర్లేదు, ఆ ల్యాబులు ఇప్పటికీ పనిచేస్తూనే ఉన్నాయి.

కాబట్టి కమిటీలో నా తరఫున ఒక మాట పెట్టండి: పదేళ్ళకి మన సబ్జెక్టు ఎటు పోతుందో మనకి తెలియదు, అందుకని మార్చుకోవడానికి వీలుగా ఉండేది కట్టాలి. స్తంభాలు దూరంగా, అంతస్తు ఎత్తు ధారాళంగా, డక్టులు కిందినుంచి పైదాకా పోయే షాఫ్టులో ఇప్పటి అవసరం కన్నా కొంత ఖాళీగా. మీ పేరున్న ఆర్కిటెక్టు ఇవన్నీ ఇచ్చి, పైగా అందంగా కట్టగలిగితే మనస్ఫూర్తిగా కట్టించుకోండి. బడ్జెట్ కోత పడినప్పుడు మాత్రం ముందు కోసేది అద్దాల ముఖద్వారం కావాలి, షాఫ్టు కాదు. చాలాచోట్ల దీన్ని తిరగేసి చేస్తారు, ముఖద్వారం అందరికీ కనిపిస్తుంది, షాఫ్టు ఎవరికీ కనిపించదు కాబట్టి.

ఎవరి గదులు ఎవరి పక్కన రావాలన్నది కూడా తేలిగ్గా తీసుకోకండి. ఎంఐటీలోనే థామస్ ఆలెన్ 1970లలో ఇంజినీర్లు ఎంత తరచుగా మాట్లాడుకుంటున్నారో కొలిచి చూస్తే, బల్లల మధ్య దూరం పెరిగేకొద్దీ మాటలు గబగబా పడిపోయాయి. 50 మీటర్లు దాటితే వారానికి ఒక్కసారి కలిసి మాట్లాడుకునే అవకాశం కూడా బాగా తక్కువ. వేరే అంతస్తు అంటే ఇంకో ఊరన్నట్టే. మీకు కలిసి పనిచేయాలనున్న ఇద్దరిని ఒకే వరండాలో పెట్టండి, సీనియారిటీ ప్రకారం గదులు పంచే పద్ధతి ఈ ఒక్కసారికి పక్కనపెట్టండి.

ప్రశ్న: యూనివర్సిటీ పక్కన రీసెర్చ్ పార్కు వస్తోంది. మాది చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీ. అక్కడికి మారితే నిజంగా లాభముందా, లేక ఆఫీసు అడ్రసు బాగుంటుందనేనా? — ఒక చిన్న పారిశ్రామికవేత్త

పార్కు నియమాలు చదివితే మీకే తెలిసిపోతుంది. ఐఐటీ మద్రాసు రీసెర్చ్ పార్కు 2010లో మొదలైంది. అక్కడ చోటు తీసుకున్న కంపెనీ ఊరికే అద్దె కట్టి కూర్చుంటే కుదరదు, ఐఐటీ ప్రొఫెసర్లతో ప్రాజెక్టులు చేయడం, విద్యార్థులకు పని ఇవ్వడం లాంటివాటికి క్రెడిట్లు ఉంటాయి, ఆ క్రెడిట్లు సంపాదించుకోవాలి. మీరు వెళ్ళబోయే చోట ఇలాంటి షరతు ఏదీ లేకపోతే, ఎవరికైనా అద్దెకిస్తుంటే, అది మామూలు ఆఫీసు కాంప్లెక్సే. యూనివర్సిటీ పరికరాలను మీరు గంటల లెక్కన వాడుకోవచ్చా, కలిసి చేసిన పని మీద పేటెంటు ఎవరిది, మూడేళ్ళ తర్వాత అద్దె ఎంత పెంచుతారు, ఈ మూడూ కాగితం మీద చూశాకే సంతకం పెట్టండి.

ఓపిక కూడా కావాలి. అందరూ చెప్పుకునే స్టాన్‌ఫోర్డ్ ఇండస్ట్రియల్ పార్కు 1951లో మొదలైంది. విరాళంగా వచ్చిన భూమిని అమ్మకూడదని వ్యవస్థాపకులు షరతు పెట్టడం వల్ల, దీర్ఘకాలపు లీజుకి ఇచ్చారు. ఎవరికి ఇవ్వాలో యూనివర్సిటీయే ఎంచుకుంది, ఫ్రెడరిక్ టెర్మన్ తన ఇంజినీరింగు శాఖకి దగ్గరగా పనిచేసే వేరియన్, హ్యూలెట్ పాకార్డ్ లాంటి కంపెనీలను రప్పించాడు. భూమి చేతిలో ఉండటం, ఎంచుకునే ధైర్యం ఉండటం, రెండూ కలిశాయి. ఇంగ్లండులో కేంబ్రిడ్జ్ సైన్స్ పార్కును ట్రినిటీ కాలేజీ 1970లో మొదలుపెడితే మొదటి కంపెనీ వచ్చింది 1973లో. అమెరికాలో రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కు 1959లో పెడితే ఐబీఎం రాక ప్రకటన 1965లో వచ్చింది. అన్నేళ్ళు ఖాళీ స్థలాన్ని చూస్తూ ఆగినవాళ్ళు ఉన్నారు కాబట్టే అవి నిలిచాయి. రెండేళ్ళలో నిండకపోతే కాల్ సెంటర్లకి ఇచ్చేద్దామనుకునే పార్కులో మీ పని సాగదు, కాబట్టి అక్కడ నడిపేవాళ్ళతో ఒకసారి కూర్చుని మాట్లాడండి.

ప్రశ్న: క్యాంపస్ పెరిగినకొద్దీ చుట్టుపక్కల ఇళ్ళ అద్దెలు పెరిగి మాలాంటివాళ్ళం దూరం పోవాల్సొస్తోంది. మేమేం చేయగలం? — క్యాంపస్ పక్కన అద్దెకుంటున్న ఒక కుటుంబం

ఇది చాలా నిజమైన బాధ, ప్రాజెక్టు నివేదికల్లో దీనికి ఒక పేరా కూడా ఇవ్వరు. సీట్లు పెంచి హాస్టళ్ళు పెంచకపోతే ఆ పిల్లలంతా వచ్చి పడేది మీ వీధుల్లోనే. కొత్త భవనానికి అనుమతులు ఇచ్చేటప్పుడు స్థానిక సంస్థలు జనం అభ్యంతరాలు వినే సమయం ఒకటి చాలా దేశాల్లో ఉంటుంది. ఆ గడువు పోనివ్వకండి. నలుగురు కలిసి రాతపూర్వకంగా రెండు అడగండి: ఎన్ని సీట్లు పెరుగుతున్నాయి, అందులో ఎంతమందికి క్యాంపస్ లోపలే గది ఇస్తున్నారు. కొత్త భవనంలో పనులకి, అటెండర్ నుంచి ల్యాబ్ టెక్నీషియన్ దాకా, చుట్టుపక్కలవాళ్ళకి శిక్షణ ఇచ్చి తీసుకోమని కూడా అడగండి. ల్యాబ్ టెక్నీషియన్ల కొరత ప్రతి యూనివర్సిటీలోనూ మాట్లాడుకునే సమస్యే, మీ పిల్లలకి అది మంచి దారి కావచ్చు.

ప్రశ్న: మా కాలేజీలో యాభై ఏళ్ళ నాటి సైన్స్ బ్లాకును కూల్చి కొత్తది కడతామంటున్నారు. బాగు చేసుకుంటే సరిపోదా? — ఒక పూర్వ విద్యార్థి

టేపు పట్టుకుని ఒక స్లాబు నుంచి పై స్లాబు దాకా ఎత్తు కొలవమనండి. ఇప్పటి ల్యాబులకి డక్టులు, పైపులు, వైర్ల ట్రేలు పోను తల పైన చోటుండాలంటే 4 మీటర్ల పైన ఎత్తు కావాలి. పాత బ్లాకుల్లో చాలావాటికి మూడు, మూడున్నర మీటర్లే ఉంటుంది, అందులో ఫ్యూమ్ హుడ్లు దూర్చాలని చూస్తే ఖర్చు కొత్తదానంత అవుతుంది, పని మాత్రం అరకొరగా ఉంటుంది. అలాగని కూల్చక్కర్లేదు. స్తంభాలు, స్లాబులు గట్టిగా ఉన్నాయని స్ట్రక్చరల్ ఇంజినీరు పరీక్షించి చెబితే ఆ బ్లాకులోకి క్లాసురూములు, స్టాఫు గదులు, కంప్యూటర్లతోనే నడిచే పరిశోధన మార్చండి, వాటికి ఆ ఎత్తు చాలు. గ్యాసులు, రసాయనాలు, బరువైన పరికరాలు ఉన్న ల్యాబుల మటుకే కొత్తగా, చిన్నగా, పక్కనే కట్టుకుంటే సరిపోతుంది. రెండింటికీ మధ్య కప్పున్న నడవా ఒకటి వేయించండి, విద్యార్థులు పూటకి నాలుగుసార్లు అటూ ఇటూ తిరుగుతారు. పరీక్ష రిపోర్టు వచ్చేదాకా కూల్చివేత టెండరు పిలవొద్దని పూర్వ విద్యార్థుల సంఘం తరఫున ఇప్పుడే ఒక ఉత్తరం రాయండి.